‘ఎవరికీ చెప్పొద్దక్కా’ అంది… ఇప్పుడు నేనేం చెయ్యాలి?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్ మాది, ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. ఇంటర్ అయినప్పటి నుంచి మా సంఘంలో సండే స్కూల్ చెబుతున్నాను. వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ క్లాసులు), శనివారం సాయంత్రం టీనేజ్ పిల్లల మీటింగ్ కూడా చూస్తాను. మా మీటింగ్‌కి వచ్చే పాప ఒకతి తొమ్మిదో తరగతి చదువుతోంది. 14 ఏళ్లుంటాయి. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, పాప అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఆ మధ్య మీటింగ్ అయ్యాక నన్ను పక్కకి తీసుకెళ్లి ఏడ్చింది. క్వైర్ (సంఘంలో పాటలు పాడే బృందం) ప్రాక్టీస్ చూసే బ్రదర్ (పెళ్లయినవాడు, సంఘంలో మంచి పేరుంది) రాత్రుళ్లు మెసేజ్‌లు పెడుతున్నాడట, ఫోన్ రీఛార్జ్ చేయిస్తున్నాడట, ప్రాక్టీస్ అయ్యాక పిల్లల్ని బైక్ మీద దింపుతూ ఈమెని కావాలనే చివర్న దింపుతాడట, ఒంటి మీద చేతులు వేస్తున్నాడట. ‘ఎవరికీ చెప్పనని ప్రామిస్ చెయ్యక్కా’ అంటే చేశాను. మనసాగక పాస్టర్ గారికి చెప్పాను. ఆయన అతన్ని పిలిచి గట్టిగా మందలించారు, అతను ఏడ్చి క్షమాపణ అడిగాడు. ‘ఇక ఇక్కడితో వదిలెయ్యమ్మా, ప్రార్థనలో పెట్టు, పాపకి కూడా కాస్త బుద్ధి చెప్పు, విశ్వాసులు కోర్టులకి ఎక్కకూడదు’ అన్నారు. ఆ బ్రదర్ ఇప్పటికీ ప్రాక్టీస్ పెడుతున్నాడు. ఇంట్లో అమ్మేమో ‘పెళ్లి కావాల్సిన పిల్లవి, నీకెందుకు’ అంటోంది. పాపకిచ్చిన మాట తప్పానని, దైవసేవకుడికి ఎదురెళ్తున్నానని భయం. అన్నీ మానేసి ఇంట్లో కూర్చోవాలనిపిస్తోంది. ఈ ఆదివారం క్లాస్ తీసుకోవాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, ఆ పాప చెప్పింది మీరు నమ్మారు చూడండి, అన్నిటికంటే కష్టమైన పని అదే. చాలామంది పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. ‘నువ్వే ఏదో అనుకుని ఉంటావు’, ‘ఆయన అలాంటివాడు కాదు’ అనేసి పిల్లల నోరు మూయిస్తారు. ఒకసారి అలా మూతబడిన నోరు మళ్లీ తెరుచుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ పని మీరు చెయ్యలేదు.

ఇక మాట తప్పడం గురించి. ఆ ప్రామిస్ నిలబెట్టుకోవాల్సింది కాదు. 14 ఏళ్ల పిల్ల ‘ఎవరికీ చెప్పొద్దు’ అంటే ‘జరిగేది ఆగిపోవాలి కానీ నన్నెవరూ తప్పుపట్టకూడదు’ అని అర్థం. అతను పోయి పోయి మీ సంఘంలో వేరే పిల్లల జోలికి వెళ్లినా ఫర్వాలేదు అని ఆ పాప ఉద్దేశం కాదు కదా. అయితే ఒకటి చెయ్యాలి. ఇకముందు ఏ అడుగు వేసినా ముందు పాపకి చెప్పి వెయ్యండి. ఎవరూ లేని చోట, తలుపు తీసి ఉంచి, పక్కన కూర్చుని, ‘ఎవరికీ చెప్పనన్నాను, కానీ నిన్ను కాపాడాలంటే నేనొక్కదాన్నీ సరిపోను, అందుకని ఫలానా వాళ్లకి చెప్పబోతున్నాను, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు, నీ మీద నాకు కోపం లేదు’ అని ఆ మాటల్లోనే చెప్పండి. పాప ఏడవొచ్చు, మీ మీద అలగొచ్చు, ఒక వారం మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోయినా చెయ్యాల్సింది మారదు. ప్రార్థన చెయ్యాలనిపిస్తే ‘చెయ్యనా?’ అని పాపని అడిగి చెయ్యండి, తల మీద చెయ్యి పెట్టే ముందు కూడా అడగండి, ఎందుకంటే అడక్కుండా ఒంటి మీద చెయ్యి వేసినవాడి వల్లే కదా ఆ పిల్ల ఇలా అయింది.

చెయ్యకూడనివి కూడా ఉన్నాయి. ఎక్కడ పట్టుకున్నాడు, ఎన్నిసార్లు, ఎంతసేపు అని మీరు తవ్వి తవ్వి అడగొద్దు. అవి అడగడానికి శిక్షణ ఉన్నవాళ్లుంటారు. పది మంది ముందు పదిసార్లు చెప్పించడం కంటే పిల్లకి పెద్ద శిక్ష లేదు. పాప మాటల్ని ఫోన్‌లో రికార్డ్ చెయ్యొద్దు. మెసేజ్‌లు మాత్రం డిలీట్ చెయ్యొద్దని చెప్పండి, స్క్రీన్‌షాట్లు ఆ ఫోన్‌లోనే ఉండనివ్వండి, మీరు ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి, యూత్ గ్రూప్‌లో అసలే వద్దు. పాప మీకు చెప్పింది చెప్పినట్టుగా, తన మాటల్లోనే, తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. తరవాత మీకే ఏది ముందు ఏది వెనక అని గందరగోళం రాకుండా ఉంటుంది. ‘క్షమించెయ్యి తల్లీ’ అని మాత్రం పాపతో ఇప్పుడు అనొద్దు. క్షమించాలో లేదో పాప తరవాతెప్పుడో తనంతట తాను తేల్చుకుంటుంది. పాప క్షమించినా చట్టం ముందు అతని నేరం మాఫీ కాదు.

ఇప్పుడు చట్టం సంగతి. పాస్టర్ గారు దీన్ని సంఘం లోపలి సంగతి అనుకుంటున్నారు. కాదు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. పాప రిప్లై ఇచ్చిందా, నవ్వు బొమ్మ పెట్టిందా, బైక్ తనే ఎక్కిందా అనేవి లెక్కలోకి రావు. 14 ఏళ్ల పిల్ల ఒప్పుకోవడం అనేదే చట్టంలో లేదు. బట్టల మీద నుంచి ముట్టుకున్నా, ఉద్దేశం చెడ్డదైతే నేరమేనని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చెడు ఉద్దేశంతో పదేపదే మెసేజ్‌లు పెట్టడం కూడా ఇదే చట్టం కింద వేరే నేరం. పైగా మతసంస్థలో బాధ్యతలో ఉన్నవాడు ఆ సంస్థలోని పిల్లతో ఇలా చేస్తే దాన్ని మామూలు నేరం కంటే పెద్దదిగా చూస్తారు, శిక్ష 5 నుంచి 7 ఏళ్లు. అతని మీద ఏ సెక్షన్ నిలబడుతుందో పోలీసులు, కోర్టు చూసుకుంటారు, అది తేల్చే పని మీదీ కాదు, నాదీ కాదు, పాస్టర్ గారిదీ కాదు.

మీకు సంబంధించింది 19వ సెక్షన్. ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్లు, జరగబోతోందని భయమున్నవాళ్లు కూడా, పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడు చేసిన దాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. ఇది పాస్టర్ గారిని బెదిరించడానికి వాడమని చెప్పట్లేదు. ఆయనకి బహుశా తెలియకపోవచ్చు, తెలియజెయ్యండి. ‘అయ్యగారూ, మనం చెప్పకపోతే మనిద్దరిమీదా కేసవుతుంది’ అన్నది ఎదిరించడం కాదు. ఆయన వస్తానంటే మంచిదే, కలిసి వెళ్లండి. రానంటే ఆయన కోసం ఆగకండి. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని కూడా అదే సెక్షన్లో ఉంది, మీ అమ్మగారికి ఆ ముక్క చదివి వినిపించండి.

నేరుగా స్టేషన్‌కి వెళ్లాలంటే భయంగా ఉంటే 1098కి ఫోన్ చెయ్యండి. పిల్లల కోసమే ఉన్న ఉచిత నంబరు, రాత్రైనా పలుకుతుంది. పాప ప్రమాదంలో ఉందనిపిస్తే 112. పాపని స్టేషన్‌కి లాక్కెళ్లాల్సిన పని లేదు. పాప ఇంట్లో గానీ, తనకి ఇష్టమైన చోట గానీ వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్ఐ ర్యాంకుకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. అమ్మమ్మో, పాపకి నమ్మకమున్న ఇంకెవరో పక్కన కూర్చోవచ్చు, అది మీరే కావొచ్చు. రాత్రి పూట ఏ కారణంతోనూ పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. పేరు, స్కూలు, ఇల్లు బయటికి రానివ్వకూడదు. ఫిర్యాదు అందిన 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి పోలీసులు తెలపాలి, కేసు నడిచినన్నాళ్లూ పాపకి తోడుగా ఉండేందుకు ఆ సమితి ఒక మనిషిని ఏర్పాటు చెయ్యగలదు. లాయర్ ఖర్చు గురించి అమ్మమ్మ బెంగపడితే, ఆడవాళ్లకీ పిల్లలకీ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది, నంబరు 15100. ఇవన్నీ కాగితం మీద ఉన్నట్టే ప్రతి స్టేషన్లోనూ జరుగుతాయని నేను అనను. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు. మీ స్కూల్లో పెద్ద టీచరమ్మో, సంఘంలో నోరున్న, గుట్టుగా ఉండగలిగిన ఒక పెద్దావిడో, ఎవరినో ఒకరిని వెంట తీసుకెళ్లండి.

పోలీసుల దగ్గరికి వెళ్లే ముందు ఇంటివాళ్లకి తెలియాలి. అమ్మమ్మ దగ్గరికి మీరే వెళ్లి కూర్చుని చెప్పండి. ఫోన్లో వద్దు. ఆవిడ మొదట తల బాదుకుంటుంది, తరవాత పాపని తిడుతుంది, ఆ తిట్లు భయంలోంచి వచ్చేవి. మీరు అక్కడే ఉండి ‘పిల్ల తప్పేం లేదు మామ్మగారూ’ అని ఎన్నిసార్లు అనాల్సొస్తే అన్నిసార్లు అనండి. వాళ్లమ్మకి కువైట్‌కి ఫోన్ చేసేటప్పుడు, ఆవిడ పనిచేసే ఇంట్లో ఫోన్ ఎప్పుడు చేతికిస్తారో చూసుకుని, అమ్మమ్మ పక్కనుండగా చెయ్యండి. అంత దూరంలో ఒంటరిగా ఆ మాట విని ఆవిడ ఏమైపోతుందో కూడా మనం ఆలోచించాలి. ముందు ‘పాప బాగుంది, నా పక్కనే ఉంది’ అని చెప్పి, ఆ తరవాతే విషయంలోకి వెళ్లండి. ఒకటి మాత్రం ఇద్దరికీ గట్టిగా చెప్పండి. పాపని బడి మాన్పించకూడదు. పరువు పోతుందని గబగబా సంబంధం చూసెయ్యకూడదు. ఇలాంటప్పుడు పిల్లకి పెళ్లి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయనుకునే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి, 18 నిండకుండా పెళ్లి చేస్తే అది ఇంకో నేరం. ఒకవేళ ఇంటివాళ్లు వద్దన్నా మీరు చెప్పాల్సిన బాధ్యత పోదు, ఆ సంగతి వాళ్లకి మెల్లగా తెలియనివ్వండి.

ఇక విశ్వాసం సంగతికి వద్దాం, మీ గుండెల్లో ఎక్కువ బరువు అదేనని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని చెప్పేది బైబిల్లో పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక, 6వ అధ్యాయం. అక్కడ పౌలు మాట్లాడేది సహోదరుల మధ్య లావాదేవీల తగాదాల గురించి, ‘నష్టం భరిస్తే ఏం పోయింది’ అని నష్టపోయినవాడితో అంటున్నాడు. పసిపిల్ల ఒళ్లు లావాదేవీ కాదు. ఆ అధ్యాయం చూపించేవాళ్లు దాని ముందున్న 5వ అధ్యాయం కూడా తిప్పాలి. సంఘంలో లైంగిక పాపం చేస్తున్నవాణ్ణి మీ మధ్యనుంచి వెలివెయ్యమని అదే పౌలు అంటాడు. ముందు ఒంటరిగా అతన్ని గద్దించాలి కదా అని మత్తయి 18 తీస్తారు కొందరు, అదే అధ్యాయం మొదట్లో చిన్నపిల్లల్ని అభ్యంతరపరిచేవాడి (పాపంలో పడేసేవాడి) మెడకి తిరగలిరాయి కట్టడం గురించి ఏముందో చదవమనండి. రెండో సమూయేలు 13లో తామారు కథ మీకు తెలుసు, దావీదు రాజు కూతురామె, సవతి అన్న అమ్నోను ఆమెని చెరిచాడు. సొంత అన్న అబ్షాలోము ఆమెతో అన్నది ‘ఊరుకో, వాడు నీ అన్న కదా’ అని. దావీదుకి కోపం వచ్చింది, అంతే, ఏమీ చెయ్యలేదు. రెండేళ్లకి అబ్షాలోము అమ్నోనుని చంపించాడు, ఆ తరవాత తండ్రి మీదే తిరుగుబాటు చేశాడు. పాస్టర్ గారితో మాట్లాడేటప్పుడు ఈ అధ్యాయం తీసుకెళ్లండి. మీరు ఆయనకి ఎదురెళ్లడం లేదు, దావీదులా ఊరుకోవద్దని బతిమాలుతున్నారు.

‘బయటివాళ్లు ఇప్పటికే మన మీద కన్నేసి ఉన్నారు, ఇది బయటపడితే సంఘం పరువేం కాను’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ భయం ఉత్తుత్తిది కాదని నాకు తెలుసు. కానీ దాచిపెట్టి, రేపు ఇంకో పిల్ల విషయంలో బయటపడి, అప్పుడు ‘వీళ్లకి ముందే తెలుసట’ అని తేలితే ఏం జవాబు చెబుతారు? అతను ఏడ్చాడన్నారు. ఏడవనివ్వండి. కన్నీళ్లు నిజమే అయినా అతని చేతిలో ప్రాక్టీస్ ఎందుకుంది, బైక్ ఎందుకుంది? ఈ వారమే అతన్ని పిల్లలకి దూరంగా పెట్టాలి, ఇది మాత్రం పాస్టర్ గారు ఈ రోజే చెయ్యగలిగిన పని. కేసు తేలే వరకు ఏ పిల్లతోనూ ఏ బాధ్యతా ఇవ్వకూడదు, వేరే సంఘానికి సిఫారసు ఉత్తరం రాసి పంపడం అసలే కూడదు.

మిగతా పిల్లల గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సిందే. అతను బైక్ మీద దింపింది ఈ పాపని ఒక్కదాన్నే కాదు కదా. పోలీసులకి ఆ మాట కూడా చెప్పండి, మీరు మాత్రం ఇంటింటికీ వెళ్లి ఆరా తియ్యకండి. ఇకమీదట మీ సంఘంలో ఏ వాలంటీరూ, మీతో సహా, పిల్లతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, పిల్లల్ని ఒక్కొక్కరిగా బండి ఎక్కించుకోకూడదు, రాత్రి పూట విడిగా మెసేజ్ చెయ్యకూడదు, ఏదైనా చెప్పాలంటే తల్లిదండ్రులున్న గ్రూప్‌లోనే. రిట్రీట్‌కి తీసుకెళ్తే ఇంటివాళ్ల సంతకం ఉండాలి, ఆడపిల్లల గది దగ్గర ఇద్దరు సిస్టర్లైనా పడుకోవాలి. కొత్తగా వచ్చి ‘పిల్లల సేవ చేస్తాను’ అన్నవాళ్ల గురించి పాత సంఘంలో వాకబు చెయ్యాలి. వచ్చే వీబీఎస్‌లో యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యాలతో పాటు ఒక అరగంట మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి చెప్పండి, టీచర్ కాబట్టి మీకు చేతనవుతుంది.

మానేసి ఇంట్లో కూర్చోవడం గురించి. సేవ అన్నాక అన్ని బరువులూ మోయాలని లేదు. శనివారం మీటింగ్ కొన్నాళ్లు ఇంకొకరికి అప్పజెప్పండి, వీబీఎస్ లెక్కలు ఇంకెవరైనా చూస్తారు. ఆ పాప చెయ్యి మాత్రం ఇప్పుడు వదలొద్దు, చెప్పిన వెంటనే అక్క మాయమైపోతే చెప్పడమే తప్పయిందనుకుంటుంది. మీకూ నిద్ర పట్టట్లేదనుకుంటా. మానసిక ఆరోగ్య సాయం కోసం ఉన్న టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేం లేదు, పాపకి కూడా తరవాత అదే పనికొస్తుంది. అమ్మగారి పెళ్లి బెంగ గురించి ఎక్కువ రాయను. ఒక పిల్లని కాపాడిందని వెనక్కి పోయే సంబంధం మీకు వద్దు.

ఈ ఆదివారం క్లాస్ తీసుకోండి. ఎప్పుడూ చెప్పే పాఠమే చెప్పండి, ఈ విషయం ఛాయలు కూడా రానివ్వకండి. పాప రాకపోతే బలవంతం చెయ్యొద్దు. ‘ఆ అమ్మాయి ఎందుకు రాలేదు?’ అని ఎవరైనా అడిగితే ‘వాళ్ల ఇంటివాళ్లని అడగండి’ అని హాజరు పుస్తకం తెరిచి తరవాతి పేరు పిలవండి. అయితే ఆదివారం దాకా ఆగకుండా, రేపు బడి వదిలాక ముందు పాపతో, ఆ తరవాత అమ్మమ్మతో మాట్లాడి, ఆ సాయంత్రమే 1098కి ఫోన్ చెయ్యండి.