పాత కట్టడాలకు ర్యాంపులు కడితే అవి పాడైపోవా?

మీ అమ్మమ్మగారు వీల్‌చైర్‌లోనే తిరుగుతారని, ఆమెకు గోల్కొండ చూపించాలని ఉందని రాశారు. అలాంటి చోట ర్యాంపులు, లిఫ్టులు పెడితే కట్టడమే పాడవుతుందేమోనని అనుమానం కూడా అడిగారు. నేను పాతబస్తీలో దేవిడీల (పాతకాలపు నవాబుల భవంతుల) మరమ్మతు పనులకు సైట్ ఇంజనీరుగా చేశాను. ఇంట్లో మా అత్తమ్మదీ వీల్‌చైరే. అందుకని రెండు వైపుల సంగతీ కాస్త తెలుసు.

ముందుగా గోల్కొండ. కొండ పైనున్న బాలా హిస్సార్ దాకా అంటే ఆశ వదులుకోండి, మూడు వందలకు పైగా మెట్లు. అక్కడికి లిఫ్టు పెట్టాలనేవాళ్ళ మాట నాకు నచ్చదు, కొండను తొలిచాక ఇంక చూడ్డానికి ఏం మిగులుతుంది? చప్పట్లు కొడితే పైదాకా వినిపించే గుమ్మటం మాత్రం కిందే ఉంది. అక్కడిదాకా తీసుకెళ్ళొచ్చు. నేల ఎగుడుదిగుడు కాబట్టి కుర్చీ తోయడానికి గట్టి మనిషి ఒకరు తోడుండాలి.

నన్నడిగితే కుతుబ్ షాహీ సమాధులకు వెళ్ళండి, అదే మనం సెవెన్ టూంబ్స్ అంటామే, అది. కోటకు దగ్గరే. 106 ఎకరాల ఆవరణ. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి 2013లో మొదలుపెట్టిన మరమ్మతు పని 2024 జులైలో పూర్తయింది. సమాధులన్నీ ఎత్తు అరుగుల మీద ఉంటాయి, మెట్లెక్కాలి. కానీ అసలు అందమంతా బయటే ఉంది. సున్నంతో చేసిన నగిషీ, చిన్న మినార్లు, గుమ్మటం కింద తామర రేకులు, అన్నీ తోట దారి మీద నుంచే కనిపిస్తాయి. మా అత్తమ్మ, హైదరాబాద్ కట్టించిన మొహమ్మద్ కులీ సమాధి ఎదురుగా చాలాసేపు కూర్చుంది. లోపలికి వెళ్ళి వచ్చిన మేమే తొందరగా అయిపోయిందనుకున్నాం.

ఇక ర్యాంపు లెక్క చెప్తాను. వీల్‌చైర్ ర్యాంపుకు వాలు 1:12 ఉండాలి. అంటే మీటరు ఎత్తు అరుగు ఎక్కాలన్నా 12 మీటర్ల పొడవు కావాలి, మధ్యలో ఆగేందుకు చదును చోటు అదనం. అంత పొడుగుది కాంక్రీటుతో కట్టి అరుగుకు అతికిస్తే మీ భయం నిజమే అవుతుంది. అదే ఇనుప చట్రం, చెక్క పలకలతో చేసి, గోడకు ఒక్క రంధ్రం కూడా వేయకుండా దాని బరువు మీదే నిలబెడితే, రేపు వద్దనుకున్న రోజు తీసేయొచ్చు. పాత కట్టడంలో ఏది కొత్తగా పెట్టినా ఇలా ఊడదీసేలా ఉండాలి. అయితే ర్యాంపు కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. గులకరాళ్ళలో దిగబడతాయి, బండల మధ్య సందులో ఇరుక్కుంటాయి. దారి చదునుగా ఉండి, టాయిలెట్ తలుపులో కుర్చీ పడితే సగం సమస్య తీరినట్టే. ఈ రెంటికీ పాత గోడను ముట్టుకోనక్కర్లేదు.

నిజానికి ఈ కట్టడాలకు ర్యాంపుల కంటే ఎక్కువ చేటు చేసింది సిమెంటు. నేను పనిచేసిన ఒక దేవిడీలో అంతకుముందు ఎవరో పగుళ్ళన్నీ సిమెంటుతో పూసి వెళ్ళారు. సుత్తితో తడితే డొల్ల చప్పుడు. పెచ్చు ఊడదీస్తే వెనకాల గోడంతా చెమ్మ, తెల్లటి ఉప్పు. పాతకాలంలో వాడిన డంగు సున్నం (ఇసుకతో కలిపి నూరిన సున్నం) గోడలోని తడిని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే ఆపేస్తుంది. సెవెన్ టూంబ్స్‌లోనూ ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటు తీసేసి మళ్ళీ సున్నమే పూశారు. బెల్లం, మారేడు గుజ్జు కలిపి సున్నం తయారుచేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు, కానీ వాళ్ళ పిల్లలు టైల్స్ పనికి పోతున్నారు. కూలి రేటు చూస్తే తప్పు పట్టలేం.

సెవెన్ టూంబ్స్ ఆవరణలోని బడీ బావిని, అంటే పెద్ద మెట్లబావిని, మాత్రం వదలొద్దు. 2013 వానలకు దాని ఒక వైపు కూలిపోయింది, మళ్ళీ కట్టారు. ఇక్కడి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. వాన నీరు బావుల్లో చేరి, ఆ నీరే తోటలకు అందడం నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. టూరిస్టుల కోసం ట్యాంకర్లు తెప్పించే చోట్లు మనకు తక్కువేం లేవు.

వెళ్ళడం ఎండ ముదరకముందే పెట్టుకోండి. గేటు దగ్గర దిగేటప్పుడు కుర్చీ దించుకునే చోటు చూసుకుని బండి ఆపించండి. లోపల చాలా దూరం తిరగాలి కాబట్టి అన్నీ ఒకే రోజు చూద్దామనుకోవద్దు. ఇంకో రోజు సికింద్రాబాద్ వైపు బన్సీలాల్‌పేట్ బావికి తీసుకెళ్ళండి. ఒకప్పుడు చెత్తతో పూడిపోయింది, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. దిగకుండా పై గట్టు మీద నుంచే మెట్లన్నీ కనిపిస్తాయి.