నలుగురూ ఒకే తెర మీద: గేమ్ సమీక్షలు మొదలుపెట్టిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన సమీక్ష చదివాను. ‘మార్వెల్ అల్టిమేట్ అలయన్స్ 3’ గురించి తెలుగులో ఇంత ఓపిగ్గా రాయడానికి ఒకరు కూర్చున్నారంటే నాకు నిజంగా సంతోషం. ఆ సంతోషంతోనే మొహమాటం పక్కన పెట్టి చెబుతున్నాను: ఇందులో ఆట ఇంకా కనిపించడం లేదు. మొదటి సగమంతా హీరోల పేర్లు, వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు, థానోస్‌కి ఇన్ఫినిటీ రాళ్లు ఎందుకు కావాలన్న వివరణ. రెండో సగంలో గ్రాఫిక్స్, సంగీతం, కథ, రేటింగ్. నలుగురు హీరోలు కలిసి పోరాడే ఆట ఇది. ఆ నలుగురూ కలిస్తే ఏం జరుగుతుందో మాత్రం నీ సమీక్షలో ఒక్క వాక్యం కూడా లేదు.

మల్టీస్టారర్ సినిమా చూసొచ్చిన అభిమాని తన హీరోకి ఎన్ని ఫైట్లు పెట్టారు, ఎంతసేపు కనిపించాడు అని లెక్క వేసుకుంటాడు. అది అభిమాని హక్కు. సమీక్ష రాసేవాడు చూడాల్సింది ఇద్దరూ ఒకే ఫ్రేములోకి వచ్చినప్పుడు ఆ సన్నివేశానికి ఏం బలం వచ్చిందో. ఈ ఆటల విషయంలోనూ అంతే. ముప్పై మందికి పైగా హీరోల్లోంచి నలుగుర్ని ఎంచుకోమంటోంది ఆట. ఆ ఎంపికకి విలువ ఉందా? ఆ నలుగుర్నే ఎందుకు తీసుకోవాలి? వేరే నలుగుర్ని తీసుకుంటే నా చేతుల్లో ఆట మారుతుందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు దొరికితే నీ సమీక్షలో ముప్పాతిక వంతు పూర్తయినట్టే.

ఇది మూడో భాగం కదా, ముందు వచ్చినవాటి సంగతి తెలియకుండా రాయలేవు. వంశవృక్షం మొత్తం విప్పమని కాదు. ఒక్క విషయం పట్టుకుంటే చాలు: ‘అల్టిమేట్ అలయన్స్’ మూడు భాగాలకీ పేరు ఒకటే, చేసిన చేతులు మాత్రం ప్రతిసారీ వేరు. రావెన్ సాఫ్ట్‌వేర్ అనే స్టూడియో 2004లో ఈ వరసకి పునాదైన ‘ఎక్స్-మెన్ లెజెండ్స్’ చేసింది. 2005లో దాని రెండో భాగంలో ఎక్స్-మెన్‌ని, వాళ్ల బద్ధశత్రువైన మాగ్నెటో ముఠాని అపోకలిప్స్ అనే విలన్ మీదకి ఒకే జట్టుగా పంపింది. నా దృష్టిలో ఈ తరహా ఆటల్లో సీక్వెల్ అంటే ఏమిటో బాగా అర్థం చేసుకున్నది అదే. మొదటి భాగంలో నువ్వు ఎవరితో కొట్లాడావో వాళ్లని ఇప్పుడు నీ జట్టులోకి తీసుకోవచ్చు. ఎంపిక పెరిగింది, ఆ ఎంపికకి కథలో కారణమూ ఉంది. రావెనే 2006లో మొదటి ‘అల్టిమేట్ అలయన్స్’ చేసింది. 2009లో రెండోది వికేరియస్ విజన్స్ అనే ఇంకో స్టూడియో చేతికి వెళ్లింది. పదేళ్ల తర్వాత, 2019 జులైలో, నింటెండో వాళ్ల స్విచ్ అనే గేమింగ్ కన్సోల్ కోసం మూడోది టీమ్ నింజా చేసింది. నింజా గైడెన్, నియో లాంటి కత్తియుద్ధపు ఆటలు చేసిన జపాన్ స్టూడియో అది.

చేసినవాళ్లు మారినప్పుడు సీక్వెల్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ ఆటకి ప్రాణం ఎక్కడుందని వీళ్లు అనుకున్నారు? ఏది ఉంచారు, ఏది వదిలేశారు అన్నది ఆ ప్రశ్నకి వాళ్లిచ్చిన జవాబు. రావెన్ దృష్టిలో ప్రాణం రోల్ ప్లేయింగ్‌లో ఉంది. సామగ్రి ఏరుకోవడం, ఎవరికి ఏది తొడగాలో ఆలోచించడం, ఒకే బృందానికి చెందిన హీరోలని కలిపితే వచ్చే బోనస్ కోసం జట్టు కూర్చడం. వికేరియస్ విజన్స్ ఆ సామగ్రిని తీసేసి, జట్టు మొత్తానికి వర్తించే పతకాలు పెట్టి, జంటల మీద దృష్టి పెట్టింది. టీమ్ నింజాకి దెబ్బ ముఖ్యం. ఎదుటివాణ్ని తూలిపోయేలా చేయడం, ఆ క్షణంలో నలుగురూ విరుచుకుపడటం. నువ్వు ‘పాత ఆటల మజా తగ్గింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏ మజా తగ్గింది? దాని స్థానంలో ఏం వచ్చింది? అది చెప్పకపోతే పాఠకుడికి నీ నిరాశ తెలుస్తుంది, ఆట తెలియదు.

రెండో భాగం గురించి కాస్త వివరంగా చెబుతాను, నేర్చుకోడానికి అందులో చాలా ఉంది. అది 2006-07లో వచ్చిన ‘సివిల్ వార్’ కామిక్ కథని తీసుకుంది. అమెరికాలోని స్టామ్‌ఫర్డ్‌లో హీరోల పోరాటం వల్ల జరిగిన ఘోరమైన పేలుడు తర్వాత ప్రభుత్వం హీరోలందరూ పేర్లు నమోదు చేసుకోవాలంటుంది. ఐరన్ మ్యాన్ చట్టం వైపు, కెప్టెన్ అమెరికా దానికి ఎదురు నిలుస్తారు. నువ్వు ఏదో ఒక వైపు వెళ్లాలి. (మనవాళ్లలో చాలామందికి ఈ గొడవ 2016 సినిమాతోనే తెలుసు. ఆట 2009లోనే వచ్చిందనీ, కామిక్ నుంచి తీసుకున్నదనీ ఒక్క వాక్యంలో చెప్పేయి, లేకపోతే సినిమాతో పోల్చుకుంటూ కూర్చుంటారు.) కెప్టెన్ వైపు వెళితే ఐరన్ మ్యాన్ నీ జట్టులో ఉండడు. అటు వెళితే కెప్టెన్ ఉండడు. నీకిష్టమైన హీరోని పోగొట్టుకుంటేనే నీ నమ్మకం నిలబడుతుందని ఆట చెబుతోంది. జట్టు ఎంపిక అనే యాంత్రికమైన పనికి నైతిక బరువు తెచ్చిన ఆలోచన అది, చాలా గొప్పది. కానీ మూడో అంకానికి వచ్చేసరికి ‘ఫోల్డ్’ అనే ఉమ్మడి శత్రువు ప్రత్యక్షమవుతుంది. రెండు వర్గాలూ కలిసిపోతాయి, పోయినవాళ్లు తిరిగొస్తారు, నువ్వు చేసిన ఎంపిక తేలిపోతుంది.

ఇదే రాయాల్సిన విషయం. ‘క్లైమాక్స్ తేలిపోయింది’ అని రాస్తే ఎవరికీ ఏమీ అందదు. ‘ఏ ఎంపిక కోసం నా జట్టులో ఒకణ్ని వదులుకున్నానో, ఆట ఆ నష్టాన్ని నాకు తిరిగి ఇచ్చేసింది, దాంతో ఎంపిక విలువ పోయింది’ అని రాస్తే పాఠకుడు ఆలోచిస్తాడు. దీని పక్కనే మొదటి భాగంలోని మెఫిస్టో అనే రాక్షసుడి లోకాన్ని పెట్టి చూడు. అక్కడ ఎక్స్-మెన్ హీరోలు జీన్ గ్రే, నైట్‌క్రాలర్ ఇద్దరిలో ఒకర్ని మాత్రమే కాపాడగలవు. ఆ ఎంపిక చిన్నది, ఒక్క గదిలో అయిపోతుంది. అయినా ఆట ముగిశాక లోకాలన్నీ గమనిస్తూ ఉండే ఉవాటు వచ్చి నువ్వు కాపాడినవాళ్ల వల్ల, కాపాడలేకపోయినవాళ్ల వల్ల లోకానికి ఏమైందో చెబుతాడు. పెద్ద ఎంపికని తుడిచేసిన సీక్వెల్, చిన్న ఎంపికని గుర్తుపెట్టుకున్న మొదటి భాగం. పోలిక అంటే ఇలా ఒకే రకమైన రెండు ఘట్టాల మధ్య ఉండాలి. ‘మొదటిదంత బాగాలేదు’ అన్నది పోలిక కిందికి రాదు.

జంటల దాడి సంగతీ అంతే. రెండో భాగంలో దాన్ని ఫ్యూజన్ అన్నారు. ఇరవై మంది హీరోలుంటే 190 జతలు. వినడానికి పండగే. ఆడుతూ పోతే అవన్నీ మూడు రకాల కిందికి వస్తాయని తెలుస్తుంది: ఒకే బలమైన శత్రువు మీద పడేది, చుట్టూ ఉన్నవాళ్లని ఊడ్చేసేది, నువ్వు నడిపిస్తూ తీసుకెళ్లేది. బొమ్మ మారుతుంది, పని మారదు. అది లోపమా? నా మటుకు సగమే లోపం. ఇద్దరు కలిసిన దృశ్యం చూడటంలో ఆనందం ఉంది, ఈ ఆటలు కొనేవాళ్లలో చాలామంది దానికోసమే కొంటారు. అయితే సమీక్షలో రెండింటినీ విడదీసి చెప్పాలి. సంఖ్య చూసి మురిసిపోయి ‘వందలాది కాంబినేషన్లు’ అని రాశావంటే పెట్టె మీది ప్రకటనని తిరగరాసినట్టు అవుతుంది.

ఇక నీ సమీక్షలో ‘కంబాట్ చాలా బాగుంది’ అన్న వాక్యం. తమ్ముడూ, అది కొట్టేసి ఒక్క బాస్ పోరాటం తీసుకో. బాస్ హెల్త్ బార్ కింద ఊదారంగు గీత ఒకటి ఉంటుంది కదా. అది ఉన్నంతసేపు నీ దెబ్బలు అంతంతమాత్రంగా తగులుతాయి. బలమైన దెబ్బలతో, శక్తులతో ముందు దాన్ని అరగదీయాలి. అది ఖాళీ అయ్యాక బాస్ తూలిపోతాడు, అప్పుడే జట్టు మొత్తం మీద పడాలి. నలుగురి శక్తి గేజ్‌లూ (చివరి అస్త్రానికి నిండాల్సిన కొలతలు) నిండి ఉంటే అందరూ ఒకేసారి తమ చివరి అస్త్రం వదలొచ్చు. ఈ వరస పాఠకుడికి చెప్పు. ఆ తర్వాత నీ అభిప్రాయం చెప్పు: ఆ గీత అరిగేదాకా వేచి ఉండటం ఉత్కంఠగా ఉందా, విసుగ్గా ఉందా? పక్కనున్న సహచరుడు తన శక్తిని నీ శక్తితో కలిపినప్పుడు అది నువ్వు పథకం వేసి చేసిందా, అతను అక్కడ ఉన్నాడు కాబట్టి జరిగిందా? నా అనుభవంలో చాలాసార్లు రెండోదే. తెర నిండా మెరుపులు, అంకెలు, పేలుళ్లు ఉంటే నా హీరో ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చేది. నీకు వేరేగా అనిపిస్తే వేరేగానే రాయి, కానీ ఏ ఘట్టంలో అనిపించిందో చెప్పు.

కెమెరా బాగాలేదని అందరూ రాశారు, నువ్వూ రాశావు. తప్పేం లేదు, అది నిజం. ఎందుకు బాగాలేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ ఒకరు నువ్వే అవ్వు. ఒకే తెర మీద నలుగురు ఆడాలంటే కెమెరా నలుగుర్నీ చూపించాలి. పాత రెండు భాగాల్లో కెమెరా ఎక్కువగా పైనుంచి చూసేది కాబట్టి గోడలు అంతగా అడ్డొచ్చేవి కావు. మూడో భాగం పోరాటాన్ని దగ్గరగా, భారీగా చూపించాలనుకుంది. విశాలమైన చోట అది అందంగా ఉంటుంది. ఇరుకైన నడవాల్లోకి వెళ్లగానే గోడ వచ్చి హీరోని కప్పేస్తుంది. దీన్ని అజాగ్రత్త అనుకోవడానికి వీల్లేదు. రెండు కోరికలు ఒకదానికొకటి అడ్డుపడటం అది. ఇలా కారణం చెప్పగలిగితే రేపు ఇంకో జట్టు ఆట వచ్చినప్పుడు నీ పాఠకుడు తనే కెమెరాని గమనిస్తాడు.

ఒంటరిగా ఆడి ఒక మాట, మనుషులతో కలిసి ఆడి ఇంకో మాట రాయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఒంటరిగా ఆడితే మిగతా ముగ్గుర్నీ ఆటే నడుపుతుంది, నువ్వు ఒకరి నుంచి ఇంకొకరికి మారుతూ ఉంటావు. అప్పుడు జట్టంతా నీ చేతిలోని నాలుగు ఆయుధాల కిందే లెక్క. ముగ్గురు స్నేహితులు పక్కన కూర్చుని ఒక్కో జాయ్-కాన్ (స్విచ్ కంట్రోలర్) పట్టుకుంటే అదే ఆట పూర్తిగా వేరు. ఎవరు ముందుకి పరిగెత్తారు, ఎవరు వెనక ఉండిపోయారు, ఎవరు పడిపోయినవాణ్ని లేపడానికి వెనక్కి వచ్చారు, ఇవన్నీ మొదలవుతాయి. నీ సమీక్ష ఏ రకంగా ఆడి రాసిందో నాకు తెలియలేదు. ఒక్కడివే ఆడి ఉంటే ఆ మాట రాసెయ్, అది పాఠకుడి హక్కు. వీలైతే అచ్చుకి ముందు ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని కనీసం ఒక అధ్యాయం ఆడు.

బెంచీ మీద కూర్చున్నవాళ్ల గురించి కూడా రాయాలి. మూడో భాగంలో ఆడనివాళ్లకి అనుభవం రాదు. కథ సగానికొచ్చాక కొత్తగా ఒక హీరో దొరికాడు, నీకు ప్రాణం, తీరా వాడి లెవెల్ చూస్తే నీ జట్టుకి చాలా కింద. పైకి తేవాలంటే దాచుకున్న ఎక్స్‌పీ క్యూబ్‌లు (అనుభవం పెంచే వస్తువులు) పోయాలి, లేదా ఇన్ఫినిటీ రిఫ్ట్‌లనే విడి సవాళ్లలో ఆడినవే మళ్లీ మళ్లీ ఆడాలి. ఫలితంగా మనం మొదట్లో ఎంచుకున్న నలుగురితోనే ఆట పూర్తి చేస్తాం. అంతమంది హీరోలని ఇచ్చిన ఆటే వాళ్లని వాడుకోనివ్వడం లేదు! నాకు ఈ ఆట మీద ఉన్న అసలు కోపం ఇదే, కెమెరా కాదు.

మన పాఠకుల గురించి రెండు మాటలు. థానోస్ ఎవరో వాళ్లకి తెలుసు. తెలుగు డబ్బింగ్‌లో చూశారు, ఇంట్లో పిల్లలు ఆ డైలాగులు చెబుతారు. కాబట్టి ఆ పరిచయానికి నువ్వు వాడిన మూడు పేరాలు తీసెయ్. వాళ్లకి తెలియనివి వేరే ఉన్నాయి. పాత రెండు భాగాలని 2016లో పీసీకి, అప్పటి కొత్త కన్సోళ్లకి మళ్లీ విడుదల చేసి, 2018లో డిజిటల్ అమ్మకం నుంచి తీసేశారు. ఇప్పుడు పదహారేళ్ల కుర్రాడు ‘మొదటి భాగంలోలాగే’ అన్న నీ మాట చదివితే వాడికి చూసుకోవడానికి ఆ ఆటే దొరకదు. అందుకే పాత ఆట ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒకట్రెండు వాక్యాల్లో దాన్ని కళ్లకి కట్టాలి. అలాగే ఏ వెర్షన్ ఆడావో చెప్పు. రెండో భాగానికి పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది ఒకటి, పీఎస్2, నింటెండో వీ (Wii) మీద ఎన్-స్పేస్ అనే స్టూడియో చేసింది ఇంకొకటి. పేరు ఒకటే కదా అని ఒకదాని గురించి చెప్పింది రెండోదానికి అంటగట్టకూడదు. మూడోది స్విచ్ మీద తప్ప ఇంకెక్కడా లేదు. మన దగ్గర స్విచ్ చాలామందికి విదేశాల నుంచి వచ్చే చుట్టాల ద్వారానో, బయటినుంచి తెప్పించే దుకాణాల ద్వారానో అందుతుంది. డల్లాస్‌లో ఉన్న పాఠకుడికీ వరంగల్‌లో ఉన్నవాడికీ ఈ ఆట కొనడంలో ఉన్న బరువు ఒకటి కాదు. దానికి తగ్గట్టు సలహా చెప్పు.

రేటింగ్ 2.75 ఇచ్చావు. సినిమా సమీక్షల నుంచి మనకి అంటుకున్న అలవాటు ఇది. ఆ పాతిక పైసలు దేనికి పెట్టావో సమీక్షలో కనిపించాలి, కనిపించకపోతే తీసెయ్.

డీఎల్సీల (తర్వాత విడిగా వచ్చిన అదనపు భాగాల) గురించి చివర్లో హడావుడిగా రాసిన పేరా ఇప్పటికి పక్కన పెట్టు. రక్త పిశాచాల కథ, ఫీనిక్స్ కథ, డూమ్ కథ, మూడూ ఒక్కో తీరుగా ఉన్నాయి, మూడింటికీ కలిపి విడిగా రాద్దువు గాని. ముందు ఈ సమీక్షని ఒక్క బాస్ పోరాటంతో మొదలుపెట్టి తిరగరాయి. నాకు పంపేటప్పుడు నువ్వు ఎంచుకున్న నలుగురు ఎవరో, వాళ్లనే ఎందుకు తీసుకున్నావో పైన రాసి పంపు. అది చదివాకే మిగతాది చదువుతాను.

ప్రేమతో,
మీ అన్నయ్య