ఏర్కాడు పాము మన పెరట్లో బతుకుతుందా?

ప్రశ్న: ఏర్కాడు కాఫీ తోటలో గట్టు తవ్వుతుంటే జానెడు పాము బయటపడింది. నల్లగా నిగనిగలాడుతోంది, ఒంటి మీద సన్నని పసుపు పట్టీలు. తోక నరికేసినట్టుంది. కూలీలు రెండు తలల పాము అంటూ చంపబోతే మా అబ్బాయి అడ్డుపడ్డాడు. ఇప్పుడేమో మా ఎరువు గుంటలో వానపాములు బోలెడు ఉన్నాయి, అలాంటిదాన్ని తెచ్చి వదులుదామంటున్నాడు. విషం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, అడ్డుపడ్డందుకు మీవాడికి నా శభాష్ చెప్పండి. తెచ్చి వదిలే ఆలోచన మాత్రం మానుకోమనండి.

విషమూ లేదు, రెండో తలా లేదు. తోకనూ ఎవరూ నరకలేదు. పుట్టుకతోనే అది మొండిగా, చివర గరుకైన పలకతో ఉంటుంది. మా కాలేజీ ప్రయోగశాలలో ఫార్మలిన్ సీసాలో ఉన్న పాముకు ఆ గరుకులో మట్టి ఇంకా అంటుకునే ఉండేది. బొరియలోకి దూరాక ఆ మట్టే వెనక బిరడా! తవ్వే పనంతా మొనదేలిన ముక్కుది, ముందు భాగంలో బలిసిన కండలది. లోపల వెన్నెముక మెలికలు తిరిగితే ఒళ్ళు ఉబ్బి, బొరియ వెడల్పవుతుంది.

ఇది యూరోపెల్టిడే, అంటే మొండితోక మట్టిపాముల కుటుంబం. ద్వీపకల్ప భారతం, శ్రీలంక దాటితే ప్రపంచంలో ఎక్కడా లేదు. మీ వర్ణనకు సరిపోయేది యూరోపెల్టిస్ షార్టీ. 1863లో బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ వర్ణించిన ఈ పాము సేలం పక్క, ఏర్కాడు ఉన్న షెవరాయ్ కొండల్లోనే ఉంటుంది. చాలాకాలం దీన్ని పడమటి కనుమల జాతిలో కలిపేసి, ఈ మధ్యనే మళ్ళీ విడదీశారు. మట్టిలో దాగేదాన్ని పుస్తకాల్లోనూ దాచేశారు, పాపం.

ఏర్కాడు దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. చెట్ల నీడ, కుళ్ళిన ఆకులు, వాటి కింద చల్లటి తడిమట్టి: దానికి కావలసినవి ఇవి. మే నెలలో పెరంబూరు నేల దానికి పెనమే. వానపాములు ఎన్ని ఉంటే ఏం లాభం? మైదానం వేడిని దాటలేకే ఇవి ఎక్కడికక్కడ విడిపోయాయి. దిండిగల్ దగ్గరి సిరుమలై కొండలకు మరో జాతి ఉంది.

వేరే రకం మట్టిపాము మీ ఇంట్లోనే ఉండవచ్చు. వాన వెలిశాక పూలకుండీ జరిపి చూడమనండి. వానపాములా ఉండి, వలయాలు లేకుండా పొలుసులతో మెరిస్తే అది గుడ్డిపాము. చీమల, చెదల గుడ్లు తింటుంది. అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. దాని శాస్త్రీయ వర్ణనకు ఆధారం స్కాట్లాండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన విశాఖపట్నం పాము బొమ్మ. కుండీల మట్టితో పాటు అది ప్రపంచమంతా తిరిగింది, ఎవరూ ప్రత్యేకంగా తీసుకువెళ్ళకుండానే.