గొట్టింగెన్ వెళ్తున్న మేనకోడలికి

చి. సుమకు ఆశీస్సులు.

వీసా కోసం డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్, ఇన్సూరెన్స్, రూమ్ సంగతులు చెప్పడానికి నీ సీనియర్లు ఉన్నారు. నేను జర్మనీలోని ఈ యూనివర్సిటీ ఊరి సంగతి చెబుతాను. క్లాసులు మొదలై టెన్షన్ పట్టుకోకముందే ఊరు చూసెయ్యి.

ముందు పాత కోటకట్ట మీద ఒక చుట్టు నడువు. గంట పడుతుంది, దారంతా చెట్ల నీడే. తర్వాత లోపలి వీధుల్లోకి దిగి ఇళ్ల గోడలు చూడు. ఫలానా వాళ్లు ఇక్కడ ఉన్నారని పేరు, సంవత్సరాలు చెక్కిన పాలరాతి పలకలు కనిపిస్తాయి. గ్రిమ్ సోదరులంటే నీకు కథలే గుర్తొస్తాయి కదా! వాళ్లిద్దరూ ఇక్కడ ప్రొఫెసర్లు. 1837లో ఈ ఊరిని ఏలుతున్న హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేస్తే ఎదిరించి ఉద్యోగాలు పోగొట్టుకున్న ఏడుగురిలో వాళ్లూ ఉన్నారు.

బున్సెన్ వీధిలో గణిత సంస్థ ముందు మాత్రం కాసేపు ఆగు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో కట్టి 1929లో తెరిచారు. నాలుగేళ్లు నిండకముందే, 1933లో నాజీలు ఆ సంస్థను నడిపిన గణితవేత్త కూరాంట్‌నీ, అక్కడే పనిచేసిన గణితవేత్త ఎమ్మీ నోయెథర్‌నీ యూదులని పనిలోంచి తీసేశారు. ఆడమనిషని నోయెథర్‌కి మొదట పాఠం చెప్పే అనుమతే ఇవ్వలేదు. అక్కడి గణిత ప్రొఫెసర్ హిల్బర్ట్ పేరు మీద క్లాసులు చెప్పింది, 1919లో గానీ ఆ హక్కు రాలేదు. ఇంత పోరాడి సంపాదించుకున్నదాన్ని ఒక్క ఉత్తర్వుతో లాగేసుకున్నారు. ఆ ఊరి గొప్ప చెప్పేవాళ్లెవరైనా ఇది కూడా చెప్పాలని నా పట్టుదల.

ఊరి శ్మశానానికి వెళ్లడానికి సంకోచించకు. పార్కులా ఉంటుంది. భౌతికశాస్త్రవేత్తలు ప్లాంక్, మాక్స్ బోర్న్, ఇంకా హిల్బర్ట్ సమాధులు అక్కడే. బోర్న్ రాతి మీద ఆయన సమీకరణమే చెక్కారు. ఆయన్నీ 1933లోనే తీసేశారు. యుద్ధం తర్వాత జర్మనీకి తిరిగొచ్చి, 1970లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

పాత టౌన్‌హాల్ ముందు బాతులు పట్టుకున్న అమ్మాయి విగ్రహం ఉంది, 1901 నాటి అసలు విగ్రహానికి నకలు అది. పీహెచ్‌డీ వచ్చినవాళ్లు పైకెక్కి ఆమెకి ముద్దు పెట్టి పూలిస్తారు. స్నేహితులు అలంకరించిన బండిలో కూర్చోబెట్టి తీసుకొస్తారు. అలాంటి గుంపు కనబడితే వదలకు, వెళ్లి చూడు.

వసంతంలో స్వరకర్త హాండెల్ పేరిట సంగీతోత్సవం జరుగుతుంది, 1920లో మొదలైంది. స్టూడెంట్ రాయితీ ఉందేమో ముందే అడుగు. జర్మన్ భాష మాత్రం ఏ1తో, అంటే మొదటి మెట్టుతో, ఆపెయ్యకు. టికెట్ కౌంటర్లో, పలకల దగ్గర అదే పనికొస్తుంది.

నీ మామయ్య