శక్తిమాన్ కిందకి దూరే ముందు

చిరంజీవి చిన్నబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. మిలటరీ వేలంలో అమ్మేసిన పాత శక్తిమాన్ లారీ ఒకటి కొన్నావట. జామాయిల్ తోటలో దిగబడితే ముందు చక్రాలు లాగలేదట. ఆదివారం నువ్వే విప్పి చూస్తానంటున్నావట. విన్నప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. మన మాధవరంలో మిలటరీకి వెళ్లినవాళ్లకి కొదవ లేదు గానీ, మన ఇంట్లో నా తర్వాత పానా పట్టేవాడు ఎవడూ లేడనుకున్నాను. నువ్వు పట్టినందుకు గర్వంగా ఉంది. భయమూ వేస్తోంది. ఫోన్లో చెబితే సగం విని "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ బండి జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైంది. 1950ల చివర్లో మొదలుపెట్టి 1996 దాకా చేశారు. అంటే నీ బండి ఎంత కొత్తదనుకున్నా నీకంటే వయసులో పెద్దదే. 1965, 1971 యుద్ధాల్లో సైన్యం సరుకు మోసింది ఈ జాతి బండే. సికిందరాబాద్‌లో మిలటరీ బండ్లు బాగుచేసే విభాగం ఈఎంఈ సెంటర్లో కుర్రాడిగా చేరినప్పటినుంచి నా చేతులకి అంటిన గ్రీజులో సగం దీనిదే. దీన్ని తుక్కుగా చూడకు.

ముందు నాకు ఒక్క విషయం చెప్పు. బురదలో వెనక చక్రాలు తిరుగుతున్నప్పుడు ముందు రెండు చక్రాలూ కదలకుండా ఉన్నాయా? లేక ఒకటి ఊరికే తిరిగి రెండోది ఆగిపోయిందా? ఒకటి తిరిగి ఒకటి ఆగితే అది జబ్బే కాదు. పట్టు లేని చక్రాన్నే తిప్పడం డిఫరెన్షియల్ లక్షణం, అంటే యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకీ బలం పంచే గేర్లది. రెండూ ఆగిపోతేనే నువ్వు వెతకాల్సింది ఉంది. ఇది చూసుకోకుండా ఆ గేర్ల చుట్టూ ఉండే హౌసింగు విప్పి డబ్బు తగలేసుకున్న వాళ్లని నేను చాలామందిని చూశాను.

ఏ బోల్టూ విప్పకముందే చాలావరకు తెలుసుకోవచ్చు. మెత్తటి నేల మీద, ముందు చక్రాలకీ ఇంజన్ బలం అందించే ముందు యాక్సిల్ లివర్ వేసి, బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదుపు. పళ్లు పళ్లలో కూర్చోవాలంటే కాస్త కదలాలి. తర్వాత ఇంజన్ ఆపి, గేర్లో పెట్టి, వెనక చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు బిగించు. ఈ వయసు బండి హ్యాండ్ బ్రేకుని నమ్మొద్దు. ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పు. అంతా బాగుంటే కొద్దిగా ఆడి ఆగిపోవాలి. అది తిరిగిపోతోందంటే, ముందు యాక్సిల్‌కి బలం తెచ్చే పొడవాటి కడ్డీ, అదే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని వైపు చూడు. షాఫ్ట్ మీద సుద్దతో ఒక గీత పెట్టుకుంటే అనుమానం ఉండదు. చక్రంతో పాటు షాఫ్టూ తిరిగితే లోపం ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర ఉంది, అంటే ఇంజన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె దగ్గర. లివర్ రాడ్ ఊడి ఉండొచ్చు, లోపల గేరుని జరిపే ఫోర్కు వంగి ఉండొచ్చు, పళ్లు అరిగి ఉండొచ్చు. షాఫ్ట్ కదలకుండా చక్రం ఒక్కటే తిరిగితే లోపం యాక్సిల్లో ఉంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. యాక్సిల్ లోపల ఒక్కో చక్రాన్ని తిప్పే రాడ్డు ఒకటి ఉంటుంది, నువ్వు లేపిన వైపు రాడ్డే విరిగిందనుకోకు. అవతలి వైపుది విరిగినా ఈ చక్రం అలాగే తిరుగుతుంది. రెండు చక్రాలూ లేపి, రెండు వైపులా స్టాండ్లు పెట్టి ఒకదాన్ని తిప్పితే రెండోది ఎదురు తిరగాలి. తిరగలేదంటే ఏదో ఒక రాడ్డు పోయినట్టు, లేదా డిఫరెన్షియల్ లోపలి పళ్లు పోయినట్టు. అప్పుడు హబ్బు మూతలు విప్పి రాడ్లు లాగి చూడు. లోపం ట్రాన్స్‌ఫర్ కేసు వైపు తేలితే, లివర్ రాడ్ బయటే కనబడుతుంది, మొదట దాన్నే చూడు. ఒక పిన్ను ఊడిపోవడం వల్ల మొత్తం కేసు దించేసిన వర్క్‌షాపులు ఉన్నాయి.

ట్రాన్స్‌ఫర్ కేసులో గేర్ ఆయిల్ సంగతి. కింద డ్రెయిన్ బిరడా విప్పేముందు పైన నింపే బిరడా విప్పు. అది తుప్పు పట్టి రాకపోతే, కిందది విప్పాక మళ్లీ నింపే దారి ఉండదు. వచ్చిన ఆయిల్ తెల్లటి పాత గుడ్డ మీద వంపి ఎండలో చూడు. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు. సన్నటి మెరుపు ఉంటే మామూలు అరుగుదల. గోరుకి తగిలే ఉక్కు ముక్క వస్తే మాత్రం పన్ను విరిగినట్టే, అప్పుడు కేసు దించక తప్పదు.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే ఈ ఉత్తరం.

అరుణాచల్‌లో తవాంగ్ దారిలో సెలా కనుమకి ఇవతల మా వర్క్‌షాపు ఉండేది. ఒకసారి ఒక డ్రైవరు మంచులో ముందు యాక్సిల్ వేసుకుని దిగాడు. గట్టి రోడ్డు మీదికి వచ్చాక కూడా లివర్ తీయలేదు. అలాగే మలుపుల్లో మైళ్లకొద్దీ నడిపాడు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలోనూ మంచులోనూ టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద టైరు జారదు. ముందూ వెనకా షాఫ్టులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, పురి ఎక్కిన మోకులా బిగుసుకుపోతాయి. స్టీరింగు రాయిలా అవుతుంది. లివర్ బయటికి రాదు. ఆ డ్రైవరు సుత్తితో కొట్టి చూశాడు, రాలేదు, బండిని మా దగ్గరికి తెచ్చాడు.

శ్రీకాకుళం వైపు కుర్రాడు ఒకడు మాకు కొత్తగా వచ్చాడు. మాట నెమ్మది, పని చురుకు. కాన్వాయ్ బయల్దేరాలి, త్వరగా చూడమని పైనుంచి ఒత్తిడి. ట్రాన్స్‌ఫర్ కేసు పట్టేసిందని అక్కడున్న వాళ్లందరూ తేల్చేశారు. కేసు దించాలంటే ముందువైపు షాఫ్ట్ ఊడదీయాలి కదా, వాడు బండి కిందకి దూరాడు. నేను పక్క బండి దగ్గర ఉన్నాను. షాఫ్ట్ చివర పళ్లెంలా ఉండే ఫ్లేంజి బోల్టులు ఒక్కోటీ విప్పుతుంటే కిర్రుమంటున్నాయి. దారం తుప్పు పట్టిందనుకున్నాడు వాడు. అది తుప్పు కాదు, బిగింపు. చివరి బోల్టు రాగానే షాఫ్ట్ ఒక్కసారిగా గిర్రున తిరిగి కింద పడింది. వాడి ముంజేయి రెండు చోట్ల విరిగింది. స్ట్రెచర్ మీద కూడా "పానా లోపలే ఉండిపోయింది సార్" అంటున్నాడు. ఆ చేయి తర్వాత పూర్తిగా తిరగలేదు.

తర్వాత వేరే వాళ్లు చూస్తే ఆ బండిలో చెడింది ఏమీ లేదు. పురి విప్పితే సరిపోయేది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకని విను. నువ్వు ఈపాటికే ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద లివర్ వేసి చూసి ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు. లివర్ గట్టిగా ఉంటే సుత్తి ముట్టుకోకు. బండిని తిన్నగా వెనక్కి నడుపు, చాలాసార్లు దానంతట అదే వదులుతుంది. వదలకపోతే ఒక ముందు చక్రాన్ని లేపు. నేల వదిలే క్షణంలో చక్రం దానంతట అదే గిర్రున తిరుగుతుంది, కాబట్టి చేతులూ కాళ్లూ దూరంగా ఉంచు. అది తిరిగి ఆగాక, షాఫ్ట్ చేతికి వదులుగా ఆడితేనే ఫ్లేంజి బోల్టు మీద పానా పెట్టు. షాఫ్ట్ కింద తాడుతో ఒక కట్టు కట్టు. విప్పేముందు రెండు ముక్కల మీదా ఒకే గీత పెట్టుకో, బిగించేటప్పుడు షాఫ్ట్ కీళ్లలోని క్రాసులు అదే వరసలో కూర్చోవాలి.

టైర్లు కూడా కొలువు. నాలుగు వైపులా దారం చుట్టి చుట్టుకొలత చూడు. ముందు కొత్త టైర్లు, వెనక అరిగిన టైర్లు ఉంటే తిన్నగా పోయినా పురి ఎక్కుతుంది. నీకు ముందు నడిపినవాడు ఇలాగే నడిపి ఫోర్కు వంచి, పళ్ల మొనలు గుండ్రం చేసి ఉంటాడని నా అనుమానం. లివర్ వేసినట్టే ఉండి, బరువు పడగానే జారిపోతోందంటే అదే.

బాగయ్యాక మెత్తటి పొలం దారిలోనే పరీక్షించు. ముందు చక్రం జాకీ మీద లేపి ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వేశావో, వెనక చక్రాలు బండిని జాకీ మీంచి తోసేస్తాయి. ఆ పని పొరపాటున కూడా చెయ్యకు.

ఒంటరిగా బండి కిందకి వెళ్లొద్దు నాన్నా. మీ తమ్ముణ్ణి పక్కన నిలబెట్టు, ఫోను వాడి చేతిలో ఉండాలి. సుద్ద గీత ఎటు తిరిగిందో చూసి ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. తర్వాత ఏం విప్పాలో అప్పుడు చెబుతాను. అంతవరకు ట్రాన్స్‌ఫర్ కేసు దించొద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న