నాజీల ఆక్రమణలో మామూలు జనం ఎదురు తిరిగారా, సహకరించారా?

"నాజీల కింద ఉన్న దేశాల్లో సామాన్యులు నిజంగా ఎదురు తిరిగారా, లేక చాలామంది సహకరించారా?" అని అడిగారు. ఉద్యోగం కోసం నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగేళ్లు ఉన్నాను. రోజూ 14వ నంబరు ట్రామ్‌లో ఆఫీసుకి వెళ్లేదాన్ని. మీ ప్రశ్న చూడగానే ఆ ట్రామే గుర్తొచ్చింది.

1941 ఫిబ్రవరిలో ఆ ఊళ్లో జర్మన్లు 400 మందికి పైగా యూదు మగవాళ్లని వీధుల్లో కొట్టి పట్టుకుపోయారు. అది చూడలేక 25వ తేదీ పొద్దున్నే ట్రామ్ కార్మికులు పని మానేశారు. ట్రామ్‌లు రాకపోయేసరికి సమ్మె సంగతి ఊరంతా పాకింది. ఓడరేవూ ఫ్యాక్టరీలూ ఆగిపోయాయి. మర్నాటికల్లా తుపాకులతో అణిచేశారు.

ఏడాదిన్నర కూడా తిరక్కుండానే అవే ట్రామ్‌లు రాత్రిపూట యూదు కుటుంబాలని నాజీ శిబిరాలకి పంపే రైళ్ల కోసం రైల్వే స్టేషన్‌కి చేరవేశాయి. ఆ ట్రిప్పులకు ట్రామ్ సంస్థ జర్మన్లకు బిల్లు పంపింది. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. తలకి 7.50 గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు) తీసుకుని దాక్కున్నవాళ్లని పట్టించిన డచ్ ముఠా కూడా ఉంది. కానీ నన్ను ఎక్కువ భయపెట్టింది వాళ్లు కాదు, యూదుల వివరాల కార్డులు తప్పుల్లేకుండా రాసిన గుమాస్తాలు, టైముకి బండి తీసిన డ్రైవర్లు. నెదర్లాండ్స్‌లో ఉన్న 1,40,000 మంది యూదుల్లో దాదాపు 1,02,000 మందిని చంపేశారు.

ప్లాంతాజె మిడెన్‌లాన్ వీధిలో ఒక పాత నాటకశాల ఉంది. పట్టుకొచ్చిన యూదులని అందులో పెట్టేవాళ్లు. చిన్నపిల్లల్ని మాత్రం రోడ్డుకి అవతల ఉన్న శిశువిహార్‌లో ఉంచేవాళ్లు. దాన్ని నడిపిన హెన్రియెట్ పిమెంటెల్, నాటకశాలలో పనిచేసిన వాల్టర్ జుస్కిండ్, పక్కనే ఉన్న టీచర్ ట్రైనింగ్ కాలేజీ పెద్ద యోహాన్ వాన్ హుల్స్ట్, ఇంకా ఎందరో కలిసి సుమారు 600 మంది పిల్లల్ని బయటికి దాటించారు. ముందు పట్టుకొచ్చినవాళ్ల లిస్టులోంచి పిల్లల పేరు తీసేసేవారు. పసివాళ్లని బుట్టల్లో, సంచుల్లో పెట్టి చేతులు మార్చేవారు. పిమెంటెల్‌ని ఆష్విట్జ్ అనే నాజీ మరణశిబిరంలో చంపేశారు. జుస్కిండ్ కూడా యుద్ధం ముగిసేదాకా బతకలేదు.

నడవగలిగే పిల్లల్ని దాటించడానికి వాళ్లకి అడ్డం పెట్టుకోవడానికి దొరికింది ట్రామే. అది వచ్చి మధ్యలో నిలిస్తే నాటకశాల దగ్గరి కాపలావాడికి ఇటు వాకిలి కనపడదు. ఆ కాసేపట్లో పిల్లాడి చెయ్యి పట్టుకుని, బండి వెంటే నడిచి సందు తిరిగిపోవాలి.

ఒక ఆదివారం నాటకశాల గుమ్మంలో నిలబడి చూశాను. 14వ నంబరు వచ్చింది, అవతలి వాకిలి కనపడకుండా పోయింది. మనసులో లెక్కపెట్టాను. ఎనిమిది అనేసరికి మళ్లీ కనిపించింది.