కాలిన వైరు ముందు కూర్చున్న కుర్రాణ్ణి లేపకండి

ప్రశ్న: మా గుంటడు మెకానికల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. మా నాన్నగారి పాత పెట్రోల్ అంబాసిడర్‌లో ఇగ్నిషన్ వైరింగ్ కాలిపోయింది. సెలవులిచ్చిన దగ్గర్నుంచి దాని ముందే కూర్చుంటున్నాడు. 3 నెలల ఎలక్ట్రిక్ వెహికల్ కోర్సుకి 70 వేలు కడతానంటే వద్దంటున్నాడు. ఆటోనగర్‌లో వైరింగ్ పని నేర్చుకుంటాడట. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. - ఒక తండ్రి, గోపాలపట్నం, విశాఖ

జవాబు: పోల్చి చెబుతాను గానీ, మీ బెంగ కోర్సు గురించి కాదు. డిప్లొమా చదివిన కొడుకు మసి చేతులతో షెడ్డులో నిలబడితే పెళ్లిళ్లలో చుట్టాలకి ఏం చెప్పుకోవాలన్నది. జూన్ వస్తే చాలు, ఈ ప్రశ్నే పది రకాలుగా వస్తుంది. చుట్టాల సంగతి తర్వాత. మీవాడు ఆ కారు దగ్గర ఏం చేస్తున్నాడో పక్కన కూర్చుని ఒక్క గంట చూశారా?

అంబాసిడర్‌కి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు. వైర్ల రంగులు లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతిలో ఉంటాయి. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమ రంగు, తాళం తిప్పాక కరెంటొచ్చేది తెలుపు, ఫ్యూజు దాటాక ఆకుపచ్చ, ఎర్త్ (కారు బాడీకి కలిసేది) నలుపు. పాత పద్ధతిలో గోధుమ, తెలుపు వైర్లకి ఫ్యూజు ఉండదు. తెల్ల వైరు బాడీకి తగిలిందంటే ఇక వైరే ఫ్యూజులా కాలుతుంది.

'ఎందుకు కాలిందిరా?' అని అడగండి. 'పాతదైపోయింది నాన్నా' అంటే ఇంకా నేర్చుకోవాలి. స్పార్కుకి కరెంటు అందించే 3 ఓమ్‌ల ఇగ్నిషన్ కాయిల్ 12 వోల్టుల దగ్గర లాగేది 4 ఆంపియర్లు. దానికి మంచి వైరు కాలదు. ఎవరో తెల్ల వైరుకి రెండు 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు కలిపి ఉండొచ్చు, అవి ఇంకో 9 ఆంపియర్లు. లేదా ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు రంధ్రంలో వైరుకి రక్షణగా ఉండే రబ్బరు గ్రోమెట్ ఊడి, రేకు అంచు వైరుని కోసి ఉండొచ్చు. కనెక్టరు దగ్గర మాత్రమే కరిగితే వదులు కనెక్షనో తుప్పో. వైరు పొడవునా కాలితే షార్టు. మన ఊరి ఉప్పుగాలికి రాగి తీగ పైతొడుగు లోపల కూడా పచ్చబడుతుంది. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయాలి, అంగుళం కోసి వదిలేస్తే మళ్లీ అక్కడే వేడెక్కుతుంది.

వెతికే పద్ధతి కూడా చూడండి. ముందు బ్యాటరీ ఎర్త్ విప్పాలి. కాయిల్, మిగతా లోడ్లు తీసేసి, కాలిన వైరుకి కరెంటుని 21 వాట్ల ఇండికేటర్ బల్బు మీదుగా వచ్చేట్టు కలిపి, అప్పుడు ఎర్త్ మళ్లీ తగిలించాలి. బల్బు పూర్తిగా వెలిగితే షార్టు ఇంకా ఉన్నట్టే. వైర్ల కట్టని కొంచెం కొంచెంగా కదిలిస్తూ పోతే బల్బు మినుకుమన్న చోట దొంగ దొరుకుతాడు. కొత్త వైరు 2 చదరపు మిల్లీమీటర్లది, కొసలు క్రింపింగ్ చేసి (నొక్కి బిగించి), వేడికి ముడుచుకుని పట్టే హీట్ ష్రింక్ స్లీవు వేయాలి. ఫాగ్ ల్యాంపులకి విడిగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చు), బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. చివరగా తాళం తిప్పి, డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటుని కలిపి తెంచే పాయింట్లు మూసుకున్నప్పుడు బ్యాటరీ ప్లస్‌కీ కాయిల్ ప్లస్‌కీ మధ్య మీటరు పెడితే అర వోల్టు దాటకూడదు. ఇదేమీ లేకుండా బ్యాటరీ నుంచి కాయిల్‌కి 'డైరెక్ట్' ఇచ్చేసి బండి నడిపేస్తే మాత్రం ఆపండి. తాళంచెవి తీసేసినా ఇంజన్ ఆగదు, షార్టయితే ఆపే ఫ్యూజూ లేదు.

ఇక మీ 70 వేలు. ఎలక్ట్రిక్ బళ్లకి భవిష్యత్తు లేదనను. నా అనుమానం 3 నెలల సర్టిఫికెట్ల మీద. ల్యాబులో నిజమైన కారుందా? ఒక బండికి ఎంతమంది పిల్లలు? 1000 వోల్టుల చేతి తొడుగులు వేయించి, ఇన్సులేషన్ టెస్టరు చేతికిస్తారా, తెర మీద బొమ్మలు చూపించి పంపేస్తారా? స్కూటర్ల బ్యాటరీ 48 నుంచి 72 వోల్టులైతే చాలా కార్లలో 300 పైమాటే, తప్పు చేస్తే ప్రాణం పోతుంది. పైగా ఎలక్ట్రిక్ కారులోనూ 12 వోల్టుల బ్యాటరీ, ఫ్యూజులు, రిలేలు, ఎర్త్ పాయింట్లు ఉంటాయి. అవి మొరాయిస్తే కారు కదలదు. మీవాడు ఇప్పుడు నేర్చుకుంటున్నది అదే. మీరేమో ఆ పని మాన్పించి, అదే పని నేర్పుతారో లేదో తెలియని చోట డబ్బు కడతానంటున్నారు! బ్రోషరు చూసి ఫీజు కట్టే తొందర, కొడుకు చేతిలో పని చూడ్డానికి లేకపోయింది.

మీవాడికీ ఒక మాట. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. పాత కార్లే నమ్ముకుంటే ఇల్లు గడవదు. ఆటోనగర్‌లో కూడు పెట్టేవి లారీలు, వ్యాన్లు, ఆటోలు. ముందు డిప్లొమా పూర్తి చెయ్యాలి. తర్వాత పెట్రోలు, ఎలక్ట్రిక్ రెండూ చూసే సర్వీసు సెంటర్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్, దానికి స్టైపెండు కూడా వస్తుంది. ఎలక్ట్రిక్ శిక్షణ అక్కడే దొరికితే సరే, లేకపోతే అప్పుడు కోర్సు చూద్దాం. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఎలాగూ ఉంది. మీ పిల్లాడు దారి తప్పలేదు, బెంగ పెట్టుకోకండి.

ఈలోగా మంచి మల్టీమీటరు ఒకటి, డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి కొనివ్వండి. పని పూర్తయ్యేదాకా రోజూ రాత్రి బ్యాటరీ టెర్మినల్ విప్పే పడుకోమనండి.